ఒక్క బ్రష్షు, మూడు లేయర్లు, ఒక మట్టికుండ

సంపాదకుల వారికి,

నమస్కారం. పరీక్షలు ముగిసి సెలవులు మొదలయ్యేసరికి, బొమ్మలంటే ప్రాణం పెట్టే పిల్లలున్న ఇళ్లలో ఒకటే పోరు: కంప్యూటర్ మీద బొమ్మలు వేస్తాం, ఏదో ఒకటి కొనిపెట్టండి అని. ఏం కొనాలో పెద్దవాళ్లకు తెలియదు. షాపులో అడిగితే ఖరీదైనది చూపిస్తారు, వీడియోల్లో వెతికితే ఇంకా ఖరీదైనది కనిపిస్తుంది. వాయిదాల మీద కొన్న ట్యాబ్ రెండు నెలలు తిరక్కుండానే సినిమాలు చూసే పలకగా మారిపోతుంది. పిల్లవాడికి చేతకాలేదని ఇంట్లో తేల్చేస్తారు. చేతకాక కాదు. పెన్నును సరిగా అమర్చుకోకపోవడం, మొదటిరోజే వంద బ్రష్షులూ ముప్పై లేయర్లూ (ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల్లాంటి పొరలు) ముందేసుకోవడం, వెలుగునీడలు పట్టుబడకముందే రంగుల్లోకి దిగిపోవడం. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఈ మూడు చోట్లే. డిజిటల్ చిత్రకళ నేర్పే మేము ఈ ఉత్తరం వాళ్ల కోసమే రాస్తున్నాం. కాస్త పొడవైంది, అయినా అచ్చువేయమని మనవి.

మా మాట ఒక్కటే. మొదటి ఆరు నెలలకు ఒక చిన్న పెన్ ట్యాబ్లెట్, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్, అందులో ఒక్క బ్రష్షు, మూడు లేయర్లు, నలుపు తెలుపుల మధ్య ఐదు ఛాయలు. ఇంతకు మించి కొన్నదీ, డౌన్‌లోడ్ చేసుకున్నదీ ఆ ఆరు నెలల్లో సాయం చేయకపోగా అడ్డం పడుతుంది.

ముందు కొనే సంగతి. ఇంట్లో కంప్యూటరో ల్యాప్‌టాపో ఉంటే తెర లేని పెన్ ట్యాబ్లెట్ సరిపోతుంది. నల్లటి పలకలా ఉంటుంది. యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి పలక మీద గీస్తే గీత మానిటర్‌లో పడుతుంది. వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ పెన్ కంపెనీల్లో మొదటి మెట్టు రకాలు ఐదారు వేల లోపే దొరుకుతాయి. వీటి పెన్నులకు బ్యాటరీ అక్కర్లేదు, ఛార్జింగ్ బెడద లేదు. గీసే చోటు వెడల్పు మరీ 4 అంగుళాలే ఉన్నది వద్దు, చేయి మెసలదు. 6×4 అంగుళాలు కనిష్ఠం, 10×6 అయితే హాయి. డబ్బా మీద 8192, 16384 అని ఒత్తిడి స్థాయిల లెక్కలు వేస్తారు. ఆ తేడా ఏ చేతికీ అందదు. చూడాల్సింది, పెన్ను ఎంత తేలిగ్గా ఆనిస్తే గీత మొదలవుతుందన్నది. షాపులో ఒక పరీక్ష చేయండి. పలక మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, నత్తనడకన ఒక గీత లాగండి. గీత పాములా మెలికలు పోతే ఆ పలక వద్దు. వేగంగా గీస్తే ఏ పలకైనా తిన్నని గీతే చూపిస్తుంది, లోపం బయటపడేది నెమ్మదిగా లాగినప్పుడే.

ట్యాబ్ కొనేవాళ్లు మోసపోయేది స్టైలస్ దగ్గర. రెండు వందలకు దొరికే రబ్బరు మొన పుల్ల వేలితో సమానం, ఒత్తిడి తెలియదు. ఐప్యాడ్ కొనేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆపిల్ పెన్సిల్ అన్న పేరుతోనే, 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ రకానికి ఒత్తిడి గుర్తించే శక్తి లేదు. నోట్సు రాసుకోవడానికి బాగుంటుంది, నొక్కితే లావు, వదిలితే సన్నం అయ్యే గీత మాత్రం రాదు. బయటి కంపెనీల చవక పెన్సిళ్లు చాలావరకు ఇదే బాపతు. ఎస్ పెన్‌తో వచ్చే శామ్‌సంగ్ ట్యాబ్‌లు ఒత్తిడిని గుర్తిస్తాయి. ఇక ఫోన్ ఒక్కటే ఉంటే, ఐబిస్ పెయింట్ వేసుకుని వేలితో మొదలుపెట్టవచ్చు. గీత మొదలూ చివరా సన్నబడే సెట్టింగ్ అందులో ఉంది. ఫోన్‌లో వచ్చే చిక్కు వేరు. తెర చిన్నది కాబట్టి ఎప్పుడూ దగ్గరికి లాక్కుని గీస్తారు. కన్ను ఎంతో అందంగా వస్తుంది, వెనక్కి వచ్చి చూస్తే ముఖానికి అతకదు. రెండు నిమిషాలకోసారి బొమ్మ మొత్తం కనిపించేలా చిన్నది చేసి చూసుకోవడం అక్కడ తప్పనిసరి.

సాఫ్ట్‌వేర్ విషయంలో మా సిఫారసు క్రిటా. విండోస్, లినక్స్, మ్యాక్‌లలో నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో పెద్ద తెరల ట్యాబ్‌లకు ఉంది, ఫోన్లకు కాదు. దాని సొంత సైటు క్రిటా డాట్ ఆర్గ్ నుంచి దించుకుంటే పైసా అక్కర్లేదు. స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోనూ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనూ అదే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తీసుకుంటారు, ఆ సొమ్ము తయారీదారులకు తోడ్పాటుగా పోతుంది. దొంగ కాపీ ఫోటోషాప్ కోసం వెతికి కంప్యూటర్‌లోకి వైరస్‌ను ఆహ్వానించే అవసరం ఈ రోజుల్లో ఎవరికీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కులు మొదలయ్యే చోటు, అమరిక. ఇంతకుముందు వేరే కంపెనీ పలక వాడి ఉంటే దాని డ్రైవర్‌ను (పలకను కంప్యూటర్‌తో మాట్లాడించే ప్రోగ్రాంను) పూర్తిగా తీసేసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసి, ఆ తర్వాతే కొత్తది ఎక్కించాలి. రెండు డ్రైవర్లు ఒకే పెన్నును పట్టుకోబోతే కర్సర్ ఎగిరెగిరి పడుతుంది. పెన్ను కదులుతోంది, గీత పడుతోంది, కానీ ఎంత నొక్కినా ఒకే లావు అంటే పెన్ను ఒత్తిడిని సాఫ్ట్‌వేర్‌కు చేరవేసే విన్‌ట్యాబ్, విండోస్ ఇంక్ అనే రెండు దారుల మధ్య పొత్తు కుదరలేదన్నమాట. క్రిటాలో సెట్టింగ్స్, కాన్ఫిగర్ క్రిటా, ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌కు వెళ్లి, ఇప్పుడు ఉన్నదాన్ని వదిలి రెండోది ఎంచుకుని, క్రిటాను మూసి మళ్లీ తెరవండి. అక్కడే ట్యాబ్లెట్ టెస్టర్ ఉంటుంది, ఒత్తిడి అందుతోందో లేదో చూపిస్తుంది. పెన్ను ఆనించి పట్టుకుంటే కర్సర్ చుట్టూ చిన్న వలయం తిరిగి, గీత ఆలస్యంగా మొదలవుతోందా? అది విండోస్ పని. కంట్రోల్ ప్యానెల్‌లోని పెన్ అండ్ టచ్‌లో ప్రెస్ అండ్ హోల్డ్‌ను ఆపేయాలి.

గుండ్రంగా సున్నా చుడితే తెర మీద కోడిగుడ్డు వస్తోందంటే తప్పు చేతిది కాదు. పలక పొడవు వెడల్పుల నిష్పత్తి ఒకటి, మానిటర్‌ది ఇంకొకటి. డ్రైవర్‌లో నిష్పత్తి సమం చేసే ఆప్షన్ ఉంటుంది, దాన్ని పెట్టుకుంటే పలక అంచున కొంత చోటు పోతుంది గానీ సున్నా సున్నాలాగే వస్తుంది. దీన్ని గమనించకుండా నెలల తరబడి వంకర సున్నాలతో కుస్తీపట్టి, చివరికి చేయి మంచిది కాదనుకునే పిల్లలున్నారు. పలకను మానిటర్‌కు ఎదురుగా తిన్నగా పెట్టాలి. నోటుపుస్తకంలా పక్కకు తిప్పి పెడితే నిలువు గీతలన్నీ ఒరిగిపోతాయి. ఎడమచేతివాళ్లు డ్రైవర్‌లో పలకను తిరగేసుకోవచ్చు. గట్టిగా నొక్కితేనే గీత పడుతోందంటే డ్రైవర్‌లో ఒత్తిడి వక్రాన్ని (ఎంత నొక్కితే ఎంత గీత పడాలో చెప్పే రేఖను) మెత్తన చేయాలి. అలా చేయకపోతే వేళ్లు బిగుసుకుని, వారానికే మణికట్టు నొప్పి పట్టుకుంటుంది, పెన్ను మొన కూడా త్వరగా అరుగుతుంది. మొన అంచు పదునెక్కి చాకులా తయారైతే పలక మీద గాట్లు పడతాయి, అంతకుముందే మార్చేయండి. డబ్బాలో అదనపు మొనలు ఇస్తారు.

ఇంకో గండం ఉంది. బ్రష్షు ఉన్నట్టుండి పనిచేయడం మానేస్తుంది. నూటికి తొంభైసార్లు కారణం ఈ నాలుగింట్లో ఒకటి. పొరపాటున ఇంగ్లిష్ ‘E’ అక్షరం నొక్కారు, బ్రష్షు చెరిపేదిగా మారింది. మళ్లీ ‘E’ నొక్కాలి. ఎక్కడో చిన్న సెలక్షన్ (బ్రష్షును ఆ ముక్కకే కట్టేసే ఎంపిక) మిగిలిపోయింది, కంట్రోల్ షిఫ్ట్ ఏ నొక్కి తీసేయాలి. ఉన్న లేయర్ పక్కన కన్ను గుర్తు మూసి ఉంది లేదా తాళం పడి ఉంది. బ్రష్షు ఒపాసిటీ (రంగు ఎంత చిక్కగా పడాలన్నది) సున్నాకు పోయింది. ఇవి కాక మన దగ్గర ఐదోది ఒకటి: కీబోర్డు తెలుగులో ఉండిపోతే షార్ట్‌కట్లు పలకకపోవచ్చు. ఇంగ్లిష్‌కు మార్చి చూడండి.

అమరిక కుదిరాక గీత. తెర లేని పలక మీద చేయి ఒకచోట, చూపు ఒకచోట. ఇది మొదటి వారం కంపరం పుట్టిస్తుంది, రెండో వారానికి అలవాటైపోతుంది. దీనికి మన ఇంటి ముంగిట్లోనే మంచి సాధన ఉంది, ముగ్గు. చుక్కల ముగ్గు పెట్టే మనిషిని గమనించండి. చూపు చేతి మీద ఉండదు, గీత చేరాల్సిన చుక్క మీద ఉంటుంది. పిండి మధ్యలో తెగదు. కదిలేది మణికట్టు కాదు, మోచేతి నుంచీ భుజం నుంచీ చేయంతా కదులుతుంది. డిజిటల్ గీతకు కావలసినవీ సరిగ్గా ఈ మూడే.

కాబట్టి కొత్త కాగితం తెరిచి 7 చుక్కలు వరసగా పెట్టండి, పైనా కిందా సందు చుక్కలతో 6, 5, 4 దాకా తగ్గించండి. మొత్తం 37 చుక్కలు. మొదటి వారం చుక్కకూ చుక్కకూ మధ్య తిన్నని గీతలు, ఒక్కో గీత ఒక్క లాగుతో. గీసేముందు పెన్ను పలకకు తగలకుండా గాలిలో రెండుసార్లు అదే దారిన తిప్పి, మూడోసారి ఆనించండి. రెండో వారం మెలికల ముగ్గు, చుక్కను తాకకుండా చుట్టూ తిరిగే వంపులు. వంపు మధ్యలో ఆగితే అక్కడ ముడి కనిపిస్తుంది, అది చేయి జంకిన చోటు. రోజుకు పావుగంట చాలు, రెండు గంటలు ఒకేరోజు చేసి వారం మానేస్తే దండగ. కంట్రోల్ జడ్‌తో గీత తీసేసి మళ్లీ గీయడానికి ఒక హద్దు పెట్టుకోండి: ఒక గీతకు మూడు ప్రయత్నాలు, మూడోది ఎలా వచ్చినా ముందుకు పోవాలి. ఒక్క గీతను నలభైసార్లు వెనక్కి తీసేవాడు నలభై గీతలు నేర్చుకోడు, భయం నేర్చుకుంటాడు. క్రిటాలో గీతను నునుపు చేసే స్మూతింగ్ బేసిక్‌లో ఉంచితే చాలు. స్టెబిలైజర్ పెట్టి దూరం బాగా పెంచితే గీత పెన్ను వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. చూడ్డానికి నున్నగా ఉంటుంది గానీ దానికి ప్రాణం ఉండదు. బాపు గీత చూడండి, ఒకే గీత ఒకచోట లావై, మలుపులో సన్నబడి, చివర తేలిపోతుంది. ఏ సెట్టింగూ అది తెచ్చిపెట్టదు.

గీత కాస్త లొంగాక వెలుగునీడలు. ఇక్కడే ఎక్కువకాలం ఉండాలి, మేమూ ఇక్కడే ఎక్కువసేపు ఆగుతాం. ఫోటో చూసి కాదు, ఎదురుగా ఒక వస్తువు పెట్టుకుని వేయాలి. మంచినీళ్ల మట్టికుండ అన్నిటికన్నా మంచి గురువు. మెరుపు ఉండదు, ఒకే రంగు, గుండ్రటి పొట్ట, మూతి దగ్గర వలయాలు. కుదురు మీద పెట్టి, ఎడమ పైనుంచి ఒక్క బల్బు వెలుగు పడేలా చూసి, మిగతా దీపాలు ఆర్పేయండి. ట్యూబ్‌లైటూ కిటికీ వెలుగూ కలిస్తే రెండు నీడలు పడి కొత్తవాళ్లు తికమకపడతారు.

కాగితం ఏ4 కొలత, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 2480×3508 పిక్సెళ్లు. దీన్లో ఒక లేయర్ నిండా రంగు వేస్తే సుమారు 35 మెగాబైట్ల మెమరీ పడుతుంది. ఏ2 తీసుకుంటే దానికి నాలుగింతలు. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ అక్కడే మొరాయిస్తుంది, బ్రష్షు వెనకబడుతుంది. వెనుక తెలుపు ఉంచకండి, 50 శాతం బూడిద రంగు పోయండి. తెల్లకాగితం మీద ఏ ఛాయ వేసినా నల్లగా కనబడి కన్ను మోసపోతుంది. బ్రష్షు బేసిక్-5 సైజ్ ఒపాసిటీ ఒక్కటే. క్రిటాతో పాటు వందకు పైగా బ్రష్షులు వస్తాయి, మిగతావాటి జోలికి పోవద్దు.

మొదటి లేయర్‌లో ఊహాగీతలు. మూతి వలయం కొసలు చేప మూతిలా కోసుగా రాకూడదు, ఎంత పల్చగా ఉన్నా కొసలు గుండ్రంగానే తిరగాలి. కుండ నడుముకు తాడు కట్టినట్టు ఊహించుకుని ఆ తాడు వంపు కూడా గీయండి. కంటి ఎత్తుకు దగ్గరగా ఉన్న మూతి వలయం పల్చగా ఉంటుంది, కిందికి పోయేకొద్దీ వలయం విప్పారుతుంది. కొత్తవాళ్లు దీన్ని తిరగేస్తారు, మూతిని పెద్ద గుండ్రంగా వేసి కుదురును అడ్డంగా తిన్నని గీతతో తేల్చేస్తారు. కుదురు నేల మీద చదునుగా ఉందని తెలుసు కాబట్టి తెలిసినది వేస్తారు, కనిపించేది వేయరు. ఇక్కడ ఎం అక్షరం నొక్కండి, బొమ్మ అద్దంలోలా తిరుగుతుంది. ఇంతసేపూ కంటికి ఆనని ఒరుగు అప్పుడు ఇట్టే పట్టుబడుతుంది. మళ్లీ ఎం నొక్కితే మామూలు.

ఈ లేయర్ ఒపాసిటీ 25 శాతానికి తగ్గించి, దాని కింద రెండో లేయర్ తెరిచి కుండ ఆకారమంతా 50 శాతం కన్నా కొంచెం వేరైన ఒకే ఛాయతో నింపండి. అంచులు సరిచూసుకుని ఆ లేయర్‌కు ఆల్ఫా లాక్ వేయండి, ఇక రంగు బయటికి పోదు. ఇప్పుడు కళ్లు చిట్లించి కుండను చూడండి. వివరాలన్నీ మాయమై రెండే ముక్కలు మిగులుతాయి, వెలుగులో ఉన్నదీ, నీడలో ఉన్నదీ. వెలుగు ముక్కకు 70 శాతం తెలుపు, నీడ ముక్కకు 30. అంతే, ఇంకేం వద్దు. ఈ రెండు ఛాయలతోనే అది కుండలా కనిపించాలి. కనిపించకపోతే నీడ సరిహద్దు తప్పుచోట ఉందన్నమాట, ముందుకు పోకుండా దాన్నే దిద్దండి.

కుదిరాక సరిహద్దు మీద 50 శాతం ఛాయను సన్నగా తిప్పండి. కుండ పొట్ట గుండ్రం కాబట్టి అక్కడ మార్పు మెత్తగా జరుగుతుంది. మూతి అంచు కింద పడే నీడ మాత్రం కోసినట్టు ఉంటుంది. మూడో లేయర్‌ను కుండ లేయర్‌కు అడుగున, వెనుక పోసిన బూడిద రంగుకు పైన ఉంచి నేల మీద పడ్డ నీడ వేయండి. కుదురు దగ్గర అంచు స్పష్టంగా ఉండి దూరం పోయేకొద్దీ మసకబారుతుంది, బల్బుకు కూడా కొంత వెడల్పు ఉంటుంది కదా. కుండ కుదురుకు ఆనిన సందులో వెలుగు దూరదు, అక్కడ 10 శాతం, బొమ్మ మొత్తంలో అదే చిక్కటి చోటు. వెలుగువైపు భుజం మీద ఒకే చిన్న మచ్చ 90. నేల నుంచి తిరిగొచ్చే వెలుగు నీడలో అడుగుభాగాన్ని కాస్త తేటపరుస్తుంది, 35 నుంచి 40 దాకా. ఈ తిరుగు వెలుగును చూడగానే కొత్తవాళ్లకు సంబరం ఎక్కువై 60 దాకా తెల్లబరుస్తారు. నీడలో ఉన్నది ఏదీ వెలుగులో ఉన్న అతి చీకటి చోటును మించకూడదు, మించిందా, కుండ కాస్తా గాజుబుడ్డి అయిపోతుంది.

ఇంకో తప్పు దిండు నీడ. వెలుగు ఎటునుంచి వస్తోందో చూడకుండా అంచుల వెంబడి చుట్టూ నల్లబరిచి మధ్యలో తెల్లగా వదిలేస్తారు. బొమ్మ ఉబ్బిన దిండులా తయారవుతుంది. ఎయిర్‌బ్రష్ చేతికి దొరికిందంటే ఈ జబ్బు ముదురుతుంది, అందుకే ఒక్క బ్రష్షు నియమం. ఈ కుండను రెండు పూటల్లో, పూటకు గంట చొప్పున పూర్తిచేయవచ్చు. వారానికి రెండు వస్తువుల లెక్కన ఓ రెండు నెలలు ఇదే పని. కుండ తర్వాత వంకాయ, గుడ్డు, మడత పెట్టిన తువ్వాలు, ఆ తర్వాతే ఇత్తడి చెంబు. ఇత్తడి మీద ఛాయలు మెత్తగా కలవవు, చీకటి పక్కనే తళుక్కున వెలుగు కూర్చుంటుంది. మెత్తగా కలిపితే చెంబు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది.

రంగులకు మొదటి పాఠంగా నీడలు లేని పద్ధతి మంచిది. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ బొమ్మలు చూడండి. గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి ఆరబెడతారు. ముందు కుంచెతో గీత, తర్వాత వెనుక ఎర్ర రంగు, పైన ఒంటి రంగులు, బట్టలు, నగలు, చివరగా నల్ల గీతతో అంచులు. లేయర్లు అంటే ఏమిటో పిల్లలకు ఇంతకన్నా బాగా చెప్పలేం. ఇదే వరసలో నాలుగు చదును రంగులతో ఒక ఎద్దుబండి వేయిస్తే, ఏ రంగు పక్కన ఏది నిలుస్తుందో వాళ్లకే తెలుస్తుంది.

నీడ రంగు దగ్గర అందరూ చేసే పొరపాటు, ఉన్న రంగుకు నలుపు కలపడం. మురికి పట్టినట్టుంటుంది. కుండ రంగు నీడలోకి పోయేటప్పుడు రంగుల చక్రంలో ఎరుపువైపు పది డిగ్రీలు జరగాలి, శాచురేషన్ (రంగు గాఢత) తగ్గకూడదు. మన ఒంటి రంగు విషయంలో ఇది మరీ ముఖ్యం. పాఠాల్లో చర్మం రంగు అని చూపించేది చాలాసార్లు గులాబీ ఛాయ. దాన్నే బూడిదతో ముదురు చేసి మనవాళ్ల ముఖాలు వేస్తే బూడిద పూసినట్టు వస్తాయి. చామనఛాయకు హ్యూ (రంగుల చక్రంలో చోటు) 20, శాచురేషన్ 50, వ్యాల్యూ (వెలుగు) 60 దగ్గర మొదలుపెట్టండి. నీడకు హ్యూ 12, శాచురేషన్ 60, వ్యాల్యూ 35. నుదుటి మీద, ముక్కు మీద మెరుపు మన ఛాయ మీద బాగా తెలుస్తుంది, ఆరుబయట అది ఆకాశం రంగును పట్టుకుని కొంచెం నీలంగా ఉంటుంది. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, చివరి మాట ఎదురుగా ఉన్న మనిషిది. మధ్యమధ్య అన్నిటికన్నా పైన నల్లరంగు నింపిన లేయర్ ఒకటి పెట్టి దాని బ్లెండింగ్ మోడ్ (కింది లేయర్లతో కలిసే తీరు) కలర్‌కు మార్చితే బొమ్మంతా బూడిద ఛాయల్లో కనిపిస్తుంది. అప్పుడు ముఖం గోడలో కలిసిపోతే రంగులెంత ముచ్చటగా ఉన్నా ఆ బొమ్మ నిలబడదు. సెల్ఫీలు చూసి ముఖాలు వేయవద్దు. చేతికందే దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి, ఆ తప్పు అలాగే బొమ్మలోకి వస్తుంది.

దాచుకోవడం గురించి రెండు మాటలు. పని ఫైలు క్రిటా సొంత రకమైన కేఆర్‌ఏలోనే ఉండాలి, జేపీజీలో పెడితే లేయర్లన్నీ ఒకటైపోతాయి, వెనక్కి తేలేరు. కంట్రోల్ ఆల్ట్ ఎస్ నొక్కితే ప్రతిసారీ కొత్త అంకెతో వేరే కాపీ పడుతుంది. చిన్నగా గీసి తర్వాత పెద్దది చేద్దాంలే అనుకోకండి, లేని పిక్సెళ్లు పుట్టుకురావు, బొమ్మ మసకబారుతుంది. ఒకే ముక్కను పదిసార్లు తిప్పి, సాగదీసినా అంతే, ప్రతిసారీ పిక్సెళ్లు కొత్తగా లెక్కకట్టి పదును పోతుంది. అచ్చుకు ఇచ్చేవాళ్లు చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. తెర మీద వెలిగిపోయే చిలకాకుపచ్చ, నెమలినీలం అచ్చులో చప్పబడతాయి. నాలుగు సిరాలతో ఆ వెలుగు రాదు. బొమ్మ మీద సన్నని తెలుగు అక్షరాలుంటే వాటిని నల్ల సిరా ఒక్కదానితోనే పెట్టమని ప్రెస్సులో చెప్పండి. నాలుగు సిరాలు కలిపిన నలుపులో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా వత్తులూ గుణింతాలూ అలుక్కుపోతాయి.

ఏఐ క్షణంలో బొమ్మ వేస్తుంటే ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు మా జవాబు చిన్నది. ఎదురుగా ఉన్న కుండను రెండు గంటలు చూసే కన్ను గీసినవాళ్లకే వస్తుంది, అది వచ్చాక ఏ పనిముట్టు వాడాలో వాళ్లే తేల్చుకుంటారు.

విద్యాశాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. కంప్యూటర్ గది ఉన్న ప్రభుత్వ పాఠశాలలో నలుగురు పిల్లలకు ఒకటి చొప్పున చిన్న పెన్ ట్యాబ్లెట్లు ఇప్పించండి. సాఫ్ట్‌వేర్‌కు ఖర్చు లేదు, కంప్యూటర్లలో విండోస్ ఉన్నా లినక్స్ ఉన్నా క్రిటా నడుస్తుంది. డ్రాయింగ్ మాస్టారికి పై అమరికలు చూపించడానికి ఒక పూట చాలు.

మీకు కూడా ఒక విన్నపం. ఆదివారం పిల్లల పేజీకి బొమ్మలు పంపమని అడిగేచోట ఒక వాక్యం చేర్చండి: డిజిటల్ బొమ్మలు పీఎన్‌జీ ఫైలుగా, మూడు అంగుళాల వెడల్పున అచ్చయ్యేదానికి కనీసం 900 పిక్సెళ్లు ఉండేలా పంపాలని. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, సన్నగీతల చుట్టూ మసక చేరుతుంది. డాక్యుమెంట్‌గా జతచేస్తే పిల్ల గీసింది గీసినట్టే మీ దాకా వస్తుంది.

ఇట్లు,
డిజిటల్ చిత్రకళ నేర్పే కొందరు ఉపాధ్యాయులు,
హైదరాబాద్